అయస్కాంత క్షేత్ర ప్రోబ్‌లు: పట్టుకోవడం, అమర్చడం, భద్రపరచడం

అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరంలో రెండు భాగాలుంటాయి. ఒకటి అంకెలు చూపే మీటరు, రెండోది క్షేత్రంలోకి వెళ్లే ప్రోబ్. కొనేటప్పుడు అందరి చూపూ మీటరు మీదే ఉంటుంది. కొలత చెడేది మాత్రం ఎక్కువసార్లు ప్రోబ్ దగ్గరే. అది ఏ కోణంలో ఉంది, అయస్కాంతానికి ఎంత దూరంలో ఉంది, దాన్ని పట్టి నిలిపిన స్టాండు దేనితో చేశారు, నిరుడు వాడాక ఎక్కడ పడేశారు అనేవాటిని బట్టే తెర మీద అంకె మారుతుంది.

ఒక చిన్న లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం బిళ్ల ఒకటి తీసుకుందాం. దాని శేష అయస్కాంతత్వం 1.3 టెస్లాలు అనుకుంటే, ముఖం మధ్యలో సరిగ్గా ఉపరితలం దగ్గర క్షేత్రం సుమారు 0.46 టెస్లాలు. అర మిల్లీమీటరు పైకి వెళ్తే 0.42, ఇంకో అర మిల్లీమీటరు పైకి వెళ్తే 0.37. అంటే ప్రతి అర మిల్లీమీటరుకూ దాదాపు 10 శాతం తగ్గుతోంది. ప్రోబ్ లోపలి చిప్ పైపూత కింద ఎంతో కొంత లోతులో ఉంటుంది కాబట్టి, 'ఆనించి కొలిచాం' అన్నా నిజానికి కొలిచింది ఉపరితలం మీద కాదు. ఒకే అయస్కాంతానికి రెండు ప్రయోగశాలలు రెండు విలువలు చెబితే ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. వాళ్ల ప్రోబ్‌ల మందాలు వేరు, అంతే. 0.2 శాతం ఖచ్చితత్వం ఉన్న మీటరు కొని ఈ అర మిల్లీమీటరును గాలికి వదిలేస్తే ఖర్చు దండగే.

ప్రోబ్‌ల రకాలు

ఎక్కువగా వాడుకలో ఉన్నది హాల్ ప్రోబ్. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్ 1879లో పలుచని బంగారు రేకు మీద కనిపెట్టిన ప్రభావమే దీనికి ఆధారం. కరెంటు పారుతున్న పలుచని పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే పలక పక్క అంచుల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. ఇప్పటి ప్రోబ్‌లలో బంగారానికి బదులు ఇండియం ఆర్సెనైడ్, గాలియం ఆర్సెనైడ్ వంటి అర్ధవాహకాలు వాడుతున్నారు. మన ఇంజినీరింగ్ కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య దూర్చే సన్నని కాడ ఇదే.

భూమి క్షేత్రం వంటి బలహీనమైన క్షేత్రాలకు ఫ్లక్స్‌గేట్ వాడతారు. ఇది 1930లలో రూపుదిద్దుకుంది, రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల వేటకు ఉపయోగపడింది. తీగ చుట్టతో చేసిన ప్రోబ్, అంటే సెర్చ్ కాయిల్, మారే క్షేత్రాన్నే చూడగలదు. క్షేత్రం స్థిరంగా ఉంటే చుట్టనే కదపాలి లేదా తిప్పాలి. ప్రోటాన్ మాగ్నెటోమీటరు, ఎన్‌ఎంఆర్ టెస్లామీటరు హైడ్రోజన్ కేంద్రకాలు గిర్రున తిరిగే వేగాన్ని లెక్కిస్తాయి. టెస్లాకు 42.577 మెగాహెర్ట్జ్ అనే స్థిరాంకం మీద నడుస్తాయి కాబట్టి ఖచ్చితత్వంలో వీటికి సాటి లేదు, కానీ ఇవి క్షేత్రం పరిమాణాన్నే చెబుతాయి, దిశను చెప్పవు.

ఒక్కో రకానికి ఒక్కో బలహీనత ఉంది. హాల్ ప్రోబ్‌కు బలమైన క్షేత్రమంటే భయం లేదు, నొక్కుడంటే భయం. ఫ్లక్స్‌గేట్‌కు దగ్గరలోని అయస్కాంతం శత్రువు. కాయిల్‌కు అదురు పడదు. ఎన్‌ఎంఆర్ ప్రోబ్ పనిచేయాలంటే క్షేత్రం చుట్టూ ఒకే తీరుగా ఉండాలి, ఏటవాలుగా మారిపోతుంటే సంకేతమే మాయమవుతుంది.

హాల్ ప్రోబ్‌ను పట్టుకునే తీరు

హాల్ ప్రోబ్‌లు ముఖ్యంగా రెండు ఆకారాల్లో వస్తాయి. చదునైన కాడ ఉన్నదాంట్లో చిప్ కాడ వెడల్పుకు సమాంతరంగా ఉంటుంది, కాబట్టి సన్నని సందుల్లోకి దూరుతుంది. మోటారు స్టేటర్‌కు, రోటర్‌కు మధ్య ఖాళీ, స్పీకరు అయస్కాంతంలోని సందు వంటివి దీనితోనే కొలవాలి. గుండ్రని కాడ ఉన్నదాంట్లో చిప్ మొనమీద అడ్డంగా ఉంటుంది. సోలినాయిడ్ లోపలికి, అయస్కాంతం ముఖానికి ఎదురుగా పెట్టడానికి అది వీలు. ఒకదానితో చేయాల్సిన పని రెండోదానితో చేయబోతే ప్రోబ్‌ను వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది, అక్కడే తప్పు మొదలవుతుంది.

చదునైన కాడ మొన దగ్గర ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండకపోవచ్చు. లోపల సిరామిక్ పలక మీద చిప్, దాని మీద పలుచని ఎపాక్సీ పూత. వంచితే సిరామిక్ అప్పడంలా విరుగుతుంది. పైకి ఏమీ కనిపించదు, తెర మీద సున్నా మాత్రం ఎక్కడెక్కడికో తిరుగుతూ ఉంటుంది. అందుకే ప్రోబ్‌ను పిడి దగ్గరే పట్టుకోవాలి, స్టాండుకు బిగించాల్సి వచ్చినా పిడినే బిగించాలి. మొనను బెంచ్ వైస్‌లో పెట్టి తిప్పడమంటే ప్రోబ్‌ను చేతులారా చంపుకోవడమే.

అన్నిటికన్నా ఎక్కువ ప్రోబ్‌లను మింగింది అయస్కాంతాలే. బల్ల మీద ఇనుప వస్తువు ఉందని గమనించకుండా నియోడిమియం దిమ్మను దగ్గరకు తెస్తే అది ఎగిరి అతుక్కుంటుంది. మధ్యలో ప్రోబ్ మొన ఉంటే నలిగిపోతుంది, వేలుంటే వేలూ నలుగుతుంది. మంచి అలవాటు ఏమిటంటే ముందు అయస్కాంతాన్ని కదలకుండా బిగించి, తర్వాత ప్రోబ్‌ను దాని దగ్గరకు తీసుకెళ్లడం. ప్రోబ్‌ను బిగించి అయస్కాంతాన్ని చేత్తో తెచ్చేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

కేబుల్‌ను పట్టుకుని ప్రోబ్‌ను లాగకూడదని వేరే చెప్పక్కర్లేదు. చాలా కంపెనీల ప్రోబ్‌లలో కనెక్టరులోనే ఒక మెమరీ చిప్ ఉంటుంది, ఆ ప్రోబ్ క్యాలిబ్రేషన్ వివరాలు దాంట్లోనే దాచి ఉంటాయి. మీటరు ఆన్ చేసి ఉండగా ప్రోబ్ పీకడం, గుచ్చడం చేస్తే ఆ మెమరీకి హాని కలగవచ్చు. స్విచ్ ఆపి మార్చడానికి పట్టేది పది క్షణాలే.

కోణం, సున్నా, వేడి

హాల్ చిప్ తనకు లంబంగా వచ్చే భాగాన్నే కొలుస్తుంది, కాబట్టి తెర మీద అంకె కోణం కొసైన్‌ను అనుసరిస్తుంది. ఒక డిగ్రీ వాలితే పోయేది 0.015 శాతమే. 5 డిగ్రీలకు 0.4 శాతం, 8 డిగ్రీలకు దాదాపు 1 శాతం. చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వాలుస్తూ గరిష్ఠ విలువను తీసుకుంటే చాలు అనే పాత సలహా ఇందుకే పనిచేస్తుంది. అయితే ఈ ఉదారత ఒకవైపే. పెద్ద క్షేత్రం పక్కన ఉన్న చిన్న భాగాన్ని కొలవబోతే కొసైన్ పోయి సైన్ వస్తుంది. అప్పుడు ఒక్క డిగ్రీ వాలినా పెద్ద క్షేత్రంలో 1.7 శాతం చిన్నదాంట్లోకి చొరబడుతుంది. చేతి పట్టు పనికిరాని చోటు అదే, అక్కడ బిగింపు తప్పదు.

సున్నా సరిచేయడానికి బయటి క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూ-మెటల్‌తో చేసిన చిన్న గొట్టం వస్తుంది, ప్రోబ్ మొనను అందులో పెట్టి మీటరును సున్నా చేయాలి. గొట్టం లేకపోయినా దారి ఉంది. ప్రోబ్‌ను ఒకసారి ఒకవైపు, ఇంకోసారి 180 డిగ్రీలు తిప్పి అదే చోట కొలవాలి. రెండు అంకెల తేడాలో సగం క్షేత్రం, మొత్తంలో సగం ప్రోబ్ తప్పు. డిగ్రీలో స్టూవర్ట్-గీ ప్రయోగం చేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అక్కడ కరెంటును తిరగేసి రెండు వైపులా రీడింగులు తీసి సగటు వేసేది ఈ కారణంతోనే. ఆ ప్రయోగంలో చుట్ట తలాన్ని అయస్కాంత యామ్యోత్తరంలోకి తెచ్చి, రియోస్టాట్‌ను, అమ్మీటరును కంపాస్ పెట్టెకు దూరంగా జరపమంటారు. ఖరీదైన ప్రోబ్‌లకూ చెప్పేది ఇంతకు మించి లేదు.

వేడి సంగతి పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఇండియం ఆర్సెనైడ్, గాలియం ఆర్సెనైడ్ చిప్‌ల స్పందన డిగ్రీ సెల్సియస్‌కు 0.1 శాతానికి మించి మారదు. ఇండియం యాంటిమొనైడ్ అయితే డిగ్రీకి 1 నుంచి 2 శాతం దాకా మారవచ్చు. అరగంట సేపు కరెంటు పారిన విద్యుదయస్కాంతం వేడెక్కుతుంది, దాని మధ్య ఉన్న ప్రోబ్ కూడా వేడెక్కుతుంది. మీటరు ఆన్ చేసిన వెంటనే కాకుండా ప్రోబ్ చుట్టూ ఉన్న వేడికి అలవాటు పడ్డాకే సున్నా చేయాలి.

దేనికి బిగించాలి

స్టాండులో అయస్కాంత గుణం ఉంటే అది కొలతలో భాగమైపోతుంది. చెక్క, యాక్రిలిక్, ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం, రాగి మంచివి. ఇత్తడి మంచిదే కానీ కొన్ని ఇత్తళ్లలో ఇనుప కల్తీ ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ దగ్గర చాలామంది మోసపోతారు. 304 రకం కొన్నప్పుడు అయస్కాంతానికి అంటుకోకపోయినా వంచి, కోసి, మరలు తొలిచాక అక్కడక్కడా అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. 316 రకం కొంత నయం. నికెల్ పూత ఉన్న కనెక్టర్లు, ఉక్కు తొడుగున్న బ్యాటరీలు, పైకి ఇత్తడి రంగులో మెరిసే ఇనుప మరలు కూడా అనుమానించాల్సినవే. ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ప్రోబ్‌ను కదలకుండా ఉంచి ఆ భాగాన్ని దాని చుట్టూ తిప్పి చూస్తే నిజం తేలిపోతుంది.

క్షేత్రం వేగంగా మారుతున్నప్పుడు అల్యూమినియం, రాగి కూడా పనికిరావు. వాటిలో సుడి కరెంట్లు పుట్టి సొంత క్షేత్రం తయారవుతుంది. అక్కడ చెక్కో ప్లాస్టిక్కో తప్ప వేరే దారి లేదు.

విడి హాల్ చిప్‌ను తామే అమర్చుకునేవాళ్లు దానికి సరిపడే చిన్న గుంట చెక్కి, వదులుగా కూర్చోబెట్టి, మెత్తని జిగురు కొద్దిగా వేయాలి. గట్టి జిగురు ఎండుతూ చిప్‌ను లాగుతుంది, ఆ ఒత్తిడికే తప్పుడు వోల్టేజి పుడుతుంది. ద్రవ హీలియం చల్లదనానికి తీసుకెళ్లే ప్రోబ్‌లలో చిప్, పలక, జిగురు వేర్వేరుగా ముడుచుకుంటాయి కాబట్టి ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి, చల్లబరచడం కూడా మెల్లగా జరగాలి. తీగలను జంటలుగా మెలిపెట్టాలి, లేకపోతే వాటి మధ్య ఖాళీయే ఒక కాయిల్‌గా మారి చుట్టుపక్కల ఏసీ గోలను పట్టుకుంటుంది.

మూడు దిశలనూ ఒకేసారి కొలిచే ప్రోబ్‌లో మూడు చిప్‌లు ఒకే బిందువులో ఉండలేవు. వాటి మధ్య ఉండే కొద్దిపాటి దూరం ఏకరీతి క్షేత్రంలో తేడా తేదు, అయస్కాంతం అంచు దగ్గర మాత్రం మూడు వేర్వేరు చోట్ల విలువలను కలిపి లేని సదిశను తయారుచేస్తుంది.

అమరికకు పరాకాష్ఠ కణ త్వరకాల దగ్గర కనిపిస్తుంది. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీలో ఉన్న 1,232 ద్విధ్రువ అయస్కాంతాలు ఒక్కొక్కటి దాదాపు 15 మీటర్ల పొడవు. వాటి లోపలి క్షేత్రాన్ని పరీక్షించడానికి సిరామిక్ ముక్కలను కలిపి చేసిన పొడవాటి దండాల మీద కాయిళ్లు అమర్చి తిప్పారు. సిరామిక్ వంగదు, కరెంటును పారనివ్వదు, అయస్కాంత గుణమూ లేదు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ మ్యూయాన్ ప్రయోగంలో 14 మీటర్ల వ్యాసమున్న వలయంలో 1.45 టెస్లాల క్షేత్రాన్ని 378 స్థిరమైన ఎన్‌ఎంఆర్ ప్రోబ్‌లు నిరంతరం గమనించాయి. 17 ప్రోబ్‌లున్న ఒక చిన్న బండి అప్పుడప్పుడు వలయమంతా తిరిగి వచ్చేది. అదే అయస్కాంతంతో అంతకుముందు బ్రూక్‌హేవెన్‌లో జరిగిన ప్రయోగంలో ప్రోబ్‌లలో నీరు వాడేవారు. అది ఆవిరైపోతుంది కాబట్టి ఫెర్మీల్యాబ్ స్థిర ప్రోబ్‌లలో పెట్రోలియం జెల్లీ నింపారు. మందుల దుకాణంలో దొరికే సరుకు భౌతికశాస్త్రంలోని అతి సూక్ష్మమైన కొలతల్లో ఒకదానికి ఆధారమైంది.

భూక్షేత్రాన్ని కొలిచేచోట

భూమి ఉపరితలం మీద క్షేత్రం చోటును బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల దాకా ఉంటుంది, దక్షిణ భారతంలో దాదాపు 40. అందులో నానోటెస్లా మార్పులను పట్టుకోవడం వేధశాలల పని. అక్కడ పరికరానికే కాదు, గోడలకూ మనుషులకూ నియమాలున్నాయి. కార్ల్ ఫ్రెడరిక్ గాస్ 1830లలో గోటింగెన్‌లో కట్టించిన అయస్కాంత వేధశాలలో ఇనుము వాడలేదు. సముద్రాల మీద కొలతల కోసం కార్నెగీ సంస్థ 1909లో 'కార్నెగీ' అనే ఓడనే చెక్క, కంచు, రాగితో దాదాపు ఇనుము లేకుండా నిర్మించింది. ప్రోబ్‌కు స్టాండుగా ఒక ఓడను కట్టడమంటే ఇదే.

మన దేశంలో ముంబై కొలాబా వేధశాల కథ తెలుసుకోదగ్గది. నగరానికి విద్యుత్ ట్రాములు రాబోతున్నాయని తెలిసి, వాటి కరెంట్లు కొలతలను పాడుచేస్తాయని దాని అధిపతి నానాభాయ్ ఆర్దేషిర్ ఫ్రాంజీ మూస్ 1904లో అలీబాగ్‌లో కొత్త వేధశాల నెలకొల్పారు. 1904 నుంచి 1906 దాకా రెండుచోట్లా కొలిచి రెండు వరుసలనూ ముడివేశారు. అక్కడి నల్లరాయిలోనే అయస్కాంత ఖనిజం ఉంటుంది కాబట్టి భవనానికి పోరుబందరు ఇసుకరాయిని తెప్పించారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచి వేధశాల నడుపుతోంది. చుట్టూ నగరం పెరిగింది. ఇప్పుడు విజయవాడ రహదారి మీద చౌటుప్పల్‌లోనూ ఆ సంస్థకు వేధశాల ఉంది. మంచి ప్రోబ్‌కు మంచి చోటు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది.

వేధశాలలో ఫ్లక్స్‌గేట్‌ను లోతైన పునాది ఉన్న స్తంభం మీద పెడతారు. 40 వేల నానోటెస్లాల క్షేత్రంలో స్తంభం డిగ్రీలో 60వ వంతు వాలినా సుమారు 12 నానోటెస్లాల తప్పు వస్తుంది. వర్షాకాలంలో నేల ఉబ్బితే అంత వాలడం వింతేమీ కాదు. అందుకే డెన్మార్క్‌లో రూపొందిన ఒక రకంలో సెన్సరును వేలాడదీస్తారు, స్తంభం వాలినా అది నిలువుగానే ఉంటుంది. అయినా నిజమైన దిశను నిర్ధారించేది మనిషే. అయస్కాంత గుణం లేని థియోడొలైట్ దుర్భిణి మీద ఫ్లక్స్‌గేట్ బిగించి, నాలుగు స్థితుల్లో తిప్పి చూసి, బిగింపు వంకరను లెక్కలోంచి తీసేస్తారు. చూసేవాళ్లు బెల్టు, గడియారం, తాళాలు, ఫోను బయట వదిలి రావాలి. కళ్లజోడు చట్రాన్ని, చీరకు పెట్టుకున్న పిన్నీసును, జేబులో రూపాయి బిళ్లలను మరిచిపోవడం మామూలు. 1990ల నుంచి మన నాణేలలో చాలావరకు అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీల్‌వే.

పొలాల్లో, కొండల్లో ఖనిజాల కోసం సర్వే చేసేవాళ్లు ప్రోటాన్ మాగ్నెటోమీటరు సెన్సరును పొడవాటి కర్ర కొసకు పెట్టి తల కన్నా ఎత్తులో మోస్తారు. జీపు, కరెంటు తీగలు, ఇనుప కంచె దూరంగా ఉండాలి. భూమి సహజ విద్యుదయస్కాంత మార్పులను కొలిచే మాగ్నెటోటెల్యురిక్ సర్వేల్లో మీటరు పొడవుండే కాయిళ్లను గాలికి కదలకుండా, ఎండకు వేడెక్కకుండా కందకం తవ్వి పూడ్చిపెడతారు, కేబుళ్ల మీద కూడా మట్టి వేస్తారు. భూక్షేత్రంలో చుట్ట కాస్త అదిరినా కొత్త సంకేతం పుడుతుంది, చెట్టు వేరు గాలికి కదిలినా అది నమోదవుతుంది.

దూరం ఉంచడమే అమరిక అయినచోటు అంతరిక్షం. ఉపగ్రహంలోని కరెంట్లు, బ్యాటరీలు అన్నీ ప్రోబ్‌కు చుట్టుపక్కల గోలే. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకలు 13 మీటర్ల బూమ్‌ను, అంటే ప్రోబ్‌ను నౌకకు దూరంగా పట్టే కడ్డీని, చిన్న డబ్బాలో చుట్టి తీసుకెళ్లి బయట విప్పాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 తన 6 మీటర్ల బూమ్‌ను 132 రోజులు మడిచి ఉంచి 2024 జనవరి 11న చాచింది. దాని మీద 3 మీటర్ల దగ్గర ఒకటి, 6 మీటర్ల దగ్గర ఒకటి ఫ్లక్స్‌గేట్‌లున్నాయి. దగ్గరిది, దూరానిది చెప్పే విలువల తేడాను బట్టి నౌక సొంత క్షేత్రాన్ని అంచనా వేసి తీసేయవచ్చు. నేల మీద కూడా ఈ కిటుకు పనికొస్తుంది, వాడేవాళ్లు తక్కువ.

ఏసీ క్షేత్రాలు

హైటెన్షన్ లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని మూడు దిశల కాయిల్ ప్రోబ్‌తో కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్షేత్రం ఏకరీతిగా ఉంటే నేలకు ఒక మీటరు ఎత్తులో, లేకపోతే 0.5, 1, 1.5 మీటర్ల ఎత్తుల్లో కొలవాలి. మనిషి శరీరం అయస్కాంత క్షేత్రాన్ని కలతపెట్టదు కాబట్టి దగ్గర నిలబడినా ఫరవాలేదు. కానీ నడుస్తూ కొలవకూడదు, ప్రోబ్ ఊగిన ప్రతిసారీ భూక్షేత్రం అందులో కలుస్తుంది.

భద్రపరచడం

ప్రోబ్‌ను వాడిన వెంటనే కాడకు దాని తొడుగు వేసి, నురుగు పరిచిన గట్టి పెట్టెలో పెట్టాలి. కేబుల్‌ను పెద్ద చుట్టగా చుట్టాలి, కాడకు చుట్టకూడదు. పెట్టెలో సిలికా జెల్ సంచి ఉంచితే తేమ పట్టదు. విశాఖపట్నం వంటి తీరపట్టణాల్లో కనెక్టర్ల పిన్నులకు ఉప్పు తేమతో చిలుము పట్టడం త్వరగా మొదలవుతుంది, థియోడొలైట్ కటకాల మీద బూజు కూడా పడుతుంది. ఆ జెల్‌ను ఏడాదికి రెండుసార్లయినా ఎండబెట్టకపోతే ఉన్నా లేనట్టే.

ఫ్లక్స్‌గేట్‌ను, కోర్ ఉన్న కాయిళ్లను అయస్కాంతాలున్న అలమరాలో పెట్టకూడదు. బలమైన క్షేత్రం తగిలితే కోర్‌లో కొంత అయస్కాంతత్వం మిగిలి సున్నా జరుగుతుంది. మళ్లీ సరిచేయాలంటే మెల్లగా తగ్గే ఏసీ క్షేత్రంతో డీగాస్ చేయాలి. మన ఫోనుల్లోని దిక్సూచి చిప్‌కూ ఇంచుమించు ఇదే ఇబ్బంది. అయస్కాంతం ఉన్న కవరు వేస్తే దిక్కులు తప్పు చెబుతుంది, ఫోనును 8 ఆకారంలో తిప్పమనేది అందుకే. హాల్ ప్రోబ్‌కు ఈ భయం లేదు.

మ్యూ-మెటల్ సున్నా గొట్టం చూడటానికి మామూలు లోహపు ముక్కే. అందులో సుమారు 80 శాతం నికెల్, మిగతాది ఇనుము, కొద్దిగా మాలిబ్డినం. హైడ్రోజన్ వాతావరణంలో వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చడం వల్లే దానికి క్షేత్రాన్ని అడ్డుకునే గుణం వస్తుంది. నేల మీద పడినా, సుత్తి తగిలినా ఆ గుణం తగ్గిపోతుంది, మళ్లీ అలా కాలిస్తే తప్ప తిరిగి రాదు. అది ప్రోబ్‌తో పాటు పెట్టెలో సొంత గూడులోనే ఉండాలి. ప్రయోగశాలల్లో దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టే అలవాటు మానాలి.

ప్రోటాన్ సెన్సర్లలో కిరోసిన్ వంటి ద్రవం ఉంటుంది. నిలబెట్టి ఉంచాలి, కారుతోందేమో చూస్తుండాలి, విమానంలో పంపేటప్పుడు మండే ద్రవాల నిబంధనలు వర్తిస్తాయని ముందే తెలుసుకోవాలి. ఎక్కువ రోజులు వాడని పరికరాల్లోంచి బ్యాటరీలు తీసేయాలి.

క్యాలిబ్రేషన్, మరమ్మతు

ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ మామూలు పద్ధతి. రెండు క్యాలిబ్రేషన్ల మధ్య అనుమానం తీర్చుకోవడానికి రెండు సాధనాలు చాలు. ఒకటి కదలకుండా బిగించి, ప్రోబ్ ఒకే విధంగా దూరే గాడి ఉన్న పరీక్ష అయస్కాంతం. రెండోది హెల్మ్‌హోల్ట్జ్ కాయిల్ జత. దాని మధ్య క్షేత్రం చుట్ల సంఖ్య, కరెంటు, వ్యాసార్ధం తెలిస్తే లెక్కలోనే వస్తుంది. ఒక్కో చుట్టలో 100 చుట్లు, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 1 ఆంపియర్ కరెంటు అయితే 0.9 మిల్లీటెస్లా. ప్రతి నెలా ఆ అంకెను తేదీతో ఒక పుస్తకంలో రాస్తే ప్రోబ్ ఎప్పుడు చెడిందో తెలుస్తుంది.

వంగిన కాడను చేత్తో సరిచేయబోతే ఉన్న చిప్ కూడా పోతుంది. తెగిన కేబుల్‌ను కంపెనీ మార్చి ఇవ్వగలదు. లోపల సిరామిక్ పగిలిన హాల్ ప్రోబ్‌కు మాత్రం మరమ్మతు లేదు. దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలి, కొత్తదాన్ని పాత మీటరుతో జతచేసి మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి.